వ్యాన్ గ్యాస్ లైనుకి పెట్టిన గ్రిల్‌కి సెగ రావట్లేదు – రెగ్యులేటర్ తీసెయ్యొచ్చా?

పటమట_రావు:
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక ఒక టెంపో ట్రావెలర్ కొని, వంటగది, నాలుగు పడకలతో క్యాంపింగ్ బండిగా చేయించుకున్నాను. అందులో 5 కేజీల సిలిండర్, దాని మీద మామూలు ఇంటి రెగ్యులేటర్. అక్కణ్ణుంచి స్టవ్‌కి ఒక లైను, వెనక తలుపు దగ్గర బయటికి ఇంకో లైను. మా అమ్మాయి డల్లాస్ నుంచి తెచ్చిన ప్రొపేన్ గ్రిల్‌కి లేత్ మీద అడాప్టర్ చేయించి ఆ బయటి లైనుకి పెట్టించాను. మొన్న శనివారం సూర్యలంకలో చికెన్ పెడితే నలభై నిమిషాలైనా ఎముక దగ్గర పచ్చిగానే ఉంది. మంట నీలంగానే వస్తోంది, కానీ దీపం వత్తంతే. అదే సమయంలో లోపల స్టవ్ మీద టీ బాగానే మరిగింది. చివరికి బాపట్ల వెళ్లి పిల్లలకి పరోటాలు తెచ్చిపెట్టాం. గ్రిల్ గొట్టానికి గుండ్రటి రెగ్యులేటర్ ఇంకోటి ఉంది. దాన్ని తీసెయ్యమని ఒకాయన చెప్పాడు. తీసెయ్యొచ్చా?

తెనాలి_డ్రైవర్:
గాలండీ. సాయంత్రం సముద్రం గాలికి ఏ మంటా నిలవదు. చుట్టూ రేకు పెట్టండి.

ఆటోనగర్_ఫిట్టర్:
రావుగారూ, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఒకే లైను మీద రెండు రెగ్యులేటర్లు. సిలిండర్ లోపల ఒత్తిడి బార్ల లెక్కలో ఉంటుంది (బార్ అంటే ఒత్తిడి కొలత, మిల్లీబార్ అందులో వెయ్యో వంతు). మన ఇంటి రెగ్యులేటర్ దాన్ని 30 మిల్లీబార్లకి దించుతుంది, అంటే ఒక బార్‌లో మూడు శాతం. గ్రిల్‌తో వచ్చిన రెగ్యులేటర్‌ని నేరుగా సిలిండర్‌కి పెట్టడానికి తయారు చేశారు, దాని లోపలి రంధ్రం చాలా సన్నం. వెనక అంత ఒత్తిడి ఉంటేనే ఆ సన్నటి రంధ్రంలోంచి చాలినంత గ్యాస్ వస్తుంది. 30 మిల్లీబార్లతో నెడితే ఏం వస్తుంది? మీకు వచ్చిన వత్తి మంటే వస్తుంది. అమెరికాలో క్యాంపింగ్ బండ్ల పక్కన ఉండే గ్యాస్ పాయింట్‌కి ఇలాంటి గ్రిల్ తగిలించినవాళ్లకీ ఇదే తిప్పలు. ఆ పాయింట్‌లోనూ అప్పటికే తగ్గించిన గ్యాసే వస్తుంది.

కృష్ణలంక_శీను:
అన్నా, టిఫిన్ బళ్లకి వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టించు. భట్టీలా మండుద్ది.

బ్రాడీపేట_మాస్టారు:
శీను గారూ, దయచేసి అలాంటి సలహా ఇవ్వకండి. ఆ సిలిండర్ మీదే లోపల ఇంటి స్టవ్ కూడా ఉందని రావుగారు రాశారు. దానికి హై ప్రెషర్ వెళితే మంట జానెడు పైకి లేస్తుంది. రబ్బరు గొట్టం కూడా దానికి తగ్గది కాదు. ఇక రెగ్యులేటర్ తీసెయ్యడం మాటకొస్తే, గ్రిల్ తయారు చేసినవాళ్లు దాని మీద ఎందుకు పెట్టారో ఆలోచించాలి కదా? సెగ చాలకపోతే బొగ్గులు ఉన్నాయి.

ఆటోనగర్_ఫిట్టర్:
హై ప్రెషర్ విషయంలో మాస్టారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కానీ నేను చెప్పేది రెగ్యులేటర్ లేకుండా వాడమని కాదు. రెండింట్లో ఒకటి చాలని. సిలిండర్ దగ్గరది ఎలాగూ ఉంటుంది.

కృష్ణలంక_శీను:
అసలు మన దగ్గర ప్రొపేన్ దొరకదు కదా. మనది బ్యూటేన్ కలిసిన గ్యాస్. అందుకే సెగ లేదు.

ఆటోనగర్_ఫిట్టర్:
మన ఎల్‌పీజీలో రెండూ ఉంటాయి తమ్ముడూ. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతుంది. చలిదేశాల్లో ఆ తేడా పెద్దది. సూర్యలంకలో చలి ఎక్కడిది? సెగకైతే బ్యూటేన్ ప్రొపేన్ కంటే తక్కువేం కాదు.

మంగళగిరి_పద్మ:
నేను చిన్న క్యాటరింగ్ చేస్తాను. గ్యాస్ సంగతి మీరు తేల్చుకోండి, వంట సంగతి నేను చెబుతా. మూత వేసి పది పదిహేను నిమిషాలు కాలాకే ముక్క పెట్టాలి. పెరుగు కారుతున్న ముక్క పెడితే ఆ నీరు ఇగరడానికే సెగంతా పోతుంది, దులిపి పెట్టండి. ఇంకోటి, గ్రిల్ చాన్నాళ్లు మూలన పడుంటే బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కడుతుంది. మా దాంట్లో కట్టింది. మంట పసుపు తిరిగి, మసి పట్టింది. సన్నటి బ్రష్‌తో తీశాక బాగుపడింది.

తెనాలి_డ్రైవర్:
పద్మగారూ, గాలికి మూత వేసినా లాభం లేదు. నేను సూర్యలంకకి వారం వారం వెళ్తా.

బ్రాడీపేట_మాస్టారు:
ఫిట్టర్ గారు నా ప్రశ్న దాటేశారు. ఆ అడాప్టర్ లీకయితే? ఎల్‌పీజీ గాలికంటే బరువు. వ్యాన్ నేల మీద నీళ్లలా నిలుస్తుంది. రాత్రి అందులో పిల్లలు పడుకుంటారు. ఆటోనగర్‌లో లేత్ మీద తిప్పిన ఇత్తడి ముక్కని నమ్మి పిల్లల్ని పడుకోబెట్టమంటారా? మీ వాళ్లకి ఏది చేసినా నడిచిపోతుంది.

ఆటోనగర్_ఫిట్టర్:
"మీ వాళ్లు" అంటే ఎవరండీ? ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నా. నేను కట్టిన లైన్లు ఎన్ని బళ్లలో ఉన్నాయో, ఒక్కదాన్లో వాసన వచ్చిందేమో చూపించండి. మీరు చెప్పే దాంట్లోనే ప్రమాదం ఎక్కువ. అమెరికా రెగ్యులేటర్ ఉంచి గ్రిల్‌ని నేరుగా సిలిండర్‌కి పెట్టాలంటే, దాని నట్టు మన వాల్వ్‌కి పట్టదు. అప్పుడు ఆ లేత్ అడాప్టర్ సిలిండర్ పూర్తి ఒత్తిడి మొయ్యాలి. నేను చెప్పినట్టు చేస్తే ప్రతి అతుకూ 30 మిల్లీబార్ల కిందే ఉంటుంది. పుస్తకంలో ఉన్న మాట చెప్పడం వేరు, పానా పట్టుకోవడం వేరు.

బ్రాడీపేట_మాస్టారు:
పుస్తకం చూసి చెప్పట్లేదు. మా తమ్ముడు ఒక హోటల్లో వంటమాస్టరు. రెగ్యులేటర్ పోయిందని ఓనరు ఎవరో మెకానిక్‌ని పిలిపించి మార్పించాడు. మూడో రోజు మంట ఎగిసి మావాడి కుడిచెయ్యి మోచేతి దాకా కాలింది. మెకానిక్ "నేను పెట్టింది వేరే రెగ్యులేటర్" అన్నాడు. ఓనరు "మీవాడే వాల్వ్ సరిగా మూయలేదు" అన్నాడు. ఎవరు ఏం మార్చారో రాసిన కాగితం ముక్క లేదు. గుంటూరులో నాలుగు నెలలు ఆసుపత్రుల చుట్టూ తిరిగాం, ఖర్చంతా మాదే. ఇప్పటికీ వాడు గరిటె ఎడంచేత్తో తిప్పుతాడు. మీ పనితనం మీద నాకు కోపం లేదు. చేసిన పనికి మీలో ఎవరైనా సంతకం పెడతారా? నేను అడిగేది అదొక్కటే.

మంగళగిరి_పద్మ:
అయ్యో మాస్టారూ.

ఆటోనగర్_ఫిట్టర్:
మాస్టారూ, తమ్ముడి విషయం తెలీక గట్టిగా మాట్లాడాను. ఏమనుకోకండి. కాగితం మాట నిజమే, ఇప్పటిదాకా ఇవ్వలేదు. అడిగినవాళ్లూ లేరు. మూడొందల పనికి రెండొందలిస్తానని బేరం ఆడేవాళ్లేగానీ, ఏం మార్చావు, ఏ గొట్టం వేశావు అని ఒక్కరూ అడగరు. అయినా ఇవ్వాల్సిందే, ఒప్పుకుంటున్నా. రావుగారూ, బండి తీసుకురండి. ముందు ఆ రెగ్యులేటర్ మీద చీటీ చూడాలి. చిన్న క్యాంపింగ్ స్టవ్‌లు కొన్ని ఎక్కువ ఒత్తిడికే తయారవుతాయి, వాటి జెట్, అంటే బర్నర్‌లోకి గ్యాస్ వదిలే రంధ్రం, మరీ సన్నం. అలాంటిదైతే రెగ్యులేటర్ తీసినా సెగ రాదు. జెట్‌కి డ్రిల్ వెయ్యమంటే మాత్రం నేను వెయ్యను.

పటమట_రావు:
నిన్న వెళ్లొచ్చాను. చీటీ మీద గ్రిల్‌కి వెళ్లే ఒత్తిడి 11 అంగుళాల నీటి మట్టం అని ఉంది, అంటే సుమారు 27 మిల్లీబార్లట. మన 30కి దగ్గరే. గ్రిల్ రెగ్యులేటర్ తీసి, పాత అడాప్టర్ పారేసి, కొత్త నారింజ రంగు గొట్టం క్లిప్పులతో వేశారు. ప్రతి అతుకుకీ సబ్బు నీళ్లు రాసి చూపించారు, బుడగ రాలేదు. సిలిండర్ పెట్టె అడుగున గ్యాస్ బయటికి పోయేలా కంత పెట్టారు. బయటి లైనుకి విడిగా వాల్వ్ వేశారు, రాత్రి పడుకునేముందు అదీ సిలిండరూ రెండూ మూసెయ్యమన్నారు. అక్కడే వెలిగించాం. మంట నాలుగు రెట్లు ఉంది, పది నిమిషాలకి మూత ముట్టుకోలేకపోయాను. ఏం తీశారు, ఏం వేశారు, తేదీతో రాసి సంతకం పెట్టిచ్చారు. ఈ ఆదివారం మళ్లీ సూర్యలంక.

తెనాలి_డ్రైవర్:
రేకు మర్చిపోవద్దు. సిలిండర్ వైపు మాత్రం మూయకండి, ఆ పక్క గాలి ఆడాలి.

బ్రాడీపేట_మాస్టారు:
కాగితం ఇచ్చినందుకు ఫిట్టర్ గారికి నమస్కారం. రెగ్యులేటర్ తీయడం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. రావుగారూ, గొట్టం మీద తయారీ సంవత్సరం ముద్రించి ఉంటుంది, అది కూడా ఆ కాగితంలో రాయించారా?

పటమట_రావు:
రాయించలేదండీ. ఇప్పుడే వెళ్లి చూసి రాస్తాను.