అప్‌డేట్: ‘బ్లాక్ టామ్’ చదివాను

అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ విశ్వభీతి కథలంటే (మనిషిని లెక్కచేయని విశ్వశక్తుల ముందు కలిగే భయం గురించినవి) ప్రాణమనీ, న్యూయార్క్‌లోని రెడ్ హుక్ పేట మీద రాసిన ‘రెడ్ హుక్’ కథలో వలస వచ్చినవాళ్ల మీద ఆయన కక్కిన విషం చూశాక ఆ పుస్తకాలు ముట్టబుద్ధి కావడం లేదనీ ఇంతకుముందు ఇక్కడ రాశాను కదా. మీరు చెప్పిన విక్టర్ లావాల్ నవలిక ‘ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ (2016) రాత్రి ఏకబిగిన చదివేశాను. అదే రెడ్ హుక్, ఈసారి న్యూయార్క్‌లోనే హార్లెమ్‌లో ఉండే టామ్ అనే నల్లజాతి యువకుడి కళ్లతో. గిటారును తుపాకీ అనుకున్నానంటూ అతని తండ్రిని ఒక డిటెక్టివ్ కాల్చేస్తాడు. తూటాలు అయిపోతే మళ్లీ నింపుకుని మరీ కాలుస్తాడు! అక్కడ పుస్తకం మూసి కాసేపు వరండాలో తిరిగాను. మనిషిని లెక్కచేయని దేవుడంటే టామ్‌కు కొత్తగా భయమెందుకు? అలాంటి లోకంలోనే పుట్టాడు. లావాల్ ఈ పుస్తకాన్ని అంకితమిచ్చింది లవ్‌క్రాఫ్ట్‌కే, ఆయన మీద తనకున్న పరస్పర విరుద్ధ భావాలన్నిటితో. నా మనసులోని ముడీ అదే. ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాను.