పుస్తకానికి వేసిన బొమ్మను క్యాలెండర్‌కు వాడుకుంటే అదనపు పారితోషికం అడగవచ్చా?

ప్రశ్న:
నేను విజయవాడలో ఉంటూ ఏడేళ్లుగా పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తున్నాను. గత ఏడాది ఒక ప్రచురణకర్త కథల సంపుటి కోసం ముఖచిత్రంతో కలిపి 12 నీటిరంగుల బొమ్మలు 24,000 రూపాయలకు వేయించుకున్నారు. ఆ డబ్బు కూడా పుస్తకం విడుదలైన నాలుగు నెలలకు గాని చేతికి రాలేదు. ఈ జనవరిలో మా అబ్బాయి బడి దగ్గరున్న పుస్తకాల షాపు గోడ మీద వారి క్యాలెండర్‌లో నా ఏనుగు బొమ్మ కనిపించింది. నా సంతకం ఉన్న మూలను కత్తిరించి, అక్కడ సంస్థ ముద్ర వేశారు. ఫోన్ చేస్తే "డబ్బులు ఇచ్చేశాం కదమ్మా" అన్నారు. ఒప్పంద పత్రమేదీ రాసుకోలేదు, మెయిళ్లు మాత్రం ఉన్నాయి.

సమాధానం 1:
బొమ్మ మీద హక్కు ఎప్పుడూ వేసినవారిదేనని మనలో చాలామంది ధీమాగా ఉంటాం గాని, 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్‌కు, వేరే ఒప్పందం లేని పక్షంలో, వేయించుకున్నవారే తొలి హక్కుదారులు. మీవి నీటిరంగులు కాబట్టి అవతలి లాయరు ముందుగా పట్టుకునేది దీన్నే. అందుకని ఏ వాడుక కోసం బొమ్మలు అడిగారో మెయిళ్లలో వెతకండి. సంతకం సంగతి వేరు. హక్కులు రాసిచ్చేసిన తరువాత కూడా బొమ్మ తనదని చెప్పుకునే హక్కును 57వ సెక్షన్ చిత్రకారులకే ఉంచింది.

అడిగినవారు:
వెతికానండీ. "సంపుటి మొదటి ముద్రణకు, 1,000 ప్రతులకు, 12 బొమ్మలు కావాలి" అని వారి మొదటి మెయిల్‌లోనే ఉంది. నేను "సరే" అని జవాబిచ్చాను.

సమాధానం 2:
ఆ ఒక్క వాక్యం మీకు చాలా బలం. నోటీసు దాకా వెళ్లకుండా, క్యాలెండర్ ఫోటోను, ఆ మెయిల్‌ను జతచేసి, క్యాలెండర్ వాడుకకు విడిగా ఇన్‌వాయిస్ పంపండి. మళ్లీ వాడుకుంటే నేనైతే అసలు ధరలో సగం అడుగుతాను. హక్కుల బదిలీ చెల్లాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షన్ చెబుతోంది. అందులో గడువు రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకుగా లెక్కిస్తారు. కనుక "అన్ని హక్కులూ" అని రాసిన కాగితం ముందు పెడితే కలం తీయకండి. నేను రఫ్ స్కెచ్ ఒప్పుకోగానే 40 శాతం తీసుకుంటాను, మిగతాది అందాకే అచ్చుకు పనికొచ్చే ఫైలు పంపుతాను. ఈ పద్ధతి పెట్టాక ఇద్దరు పాత ప్రచురణకర్తలు దూరమైన మాట కూడా నిజమే.

సమాధానం 3:
ఆలస్యం గురించి ఒక మాట. చిన్న సంస్థల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉద్యమ్ నమోదు ఉచితం. అది ఉన్న సూక్ష్మ, చిన్న సంస్థలకు, ఒప్పందంలో ఏం రాసుకున్నా, 45 రోజులకు మించి బాకీ పెట్టకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోంది. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. పని ఒప్పుకోకముందే నమోదు చేయించుకోవడం క్షేమం.

అడిగినవారు:
ఏనుగు బొమ్మకు 1,000 రూపాయలకు ఇన్‌వాయిస్ పంపాను. అసలు కాగితాలు 12 ఇంకా వారి ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి, వాటినీ తిరిగి ఇమ్మని అదే మెయిల్‌లో రాశాను.