నాగావళి బొచ్చె, చెరువు బొచ్చె: కొవ్వులో తేడా ఎంత?

మాది శ్రీకాకుళం. నాన్నకి 58 ఏళ్లు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వు) 260 దగ్గరే ఆగిపోయాయి. వారానికి రెండుసార్లు చేప తినమని డాక్టర్ గారు చెప్పారు, ఏ చేపో చెప్పలేదు. పూటకి 150 గ్రాముల ముక్కలు, నూనె తగ్గించి పులుసు పెడుతున్నాం.

బజార్లో రెండూ దొరుకుతాయి: నాగావళిలో వలేసి పట్టిన బొచ్చె, తవుడూ వేరుశనగ చెక్కా మేపి పెంచిన చెరువు బొచ్చె. ఏటి చేప ఖరీదెక్కువ, పైగా రోజూ రాదు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు తిరగేశాను. అందులో ఏటిదా, చెరువుదా అన్న విభజన కనిపించలేదు. మాంసకృత్తులు రెండింట్లోనూ దాదాపు ఒకటేననీ, మేతను బట్టి కొవ్వు, అందులో ఒమేగా-3 (ట్రైగ్లిజరైడ్లు తగ్గడానికి పనికొచ్చే చేప కొవ్వు), ఒమేగా-6 (గింజల నూనెల్లో ఎక్కువగా ఉండే మరో రకం కొవ్వు) పాళ్లు మారతాయనీ చదివాను. తవుడు నూనెలో, వేరుశనగ నూనెలో ఒమేగా-6 ఎక్కువ కాబట్టే నా భయం. అమ్మేవాళ్లని అడిగితే ఏటిదే మంచిదంటారు, కానీ వాళ్లు చెప్పేది రుచి గురించి. పొట్ట దగ్గర కొవ్వు తీయించి వండుతున్నాం కూడా.

చేపల పెంపకమో, పోషకాహారమో చదివినవాళ్లు చెప్పండి: కిలోన్నర బొచ్చెలో, 100 గ్రాముల మాంసానికి ఒమేగా-3 తేడా, ఏటి చేపకే డబ్బు పెట్టాల్సినంత ఉంటుందా?