జేఏసీ సమ్మె నోటీసు ఇచ్చింది, నేనింకా ప్రొబేషన్‌లో ఉన్నా, తమ్ముడు ఫారిన్ కంపెనీలో: అసలు సమ్మె హక్కు ఎవరికుంది?

కొత్తగుమాస్తా
అందరికీ నమస్తే. జూనియర్ అసిస్టెంట్‌ని, ప్రొబేషన్ ఇంకా డిక్లేర్ కాలేదు. డీఏ బకాయిలు, పీఆర్సీ (వేతన సవరణ), సీపీఎస్ (మన జీతం నుంచి వాటా కోసే పెన్షన్ పథకం) అంటూ మా ఉద్యోగ సంఘాల జేఏసీ సమ్మె నోటీసు ఇచ్చింది. సెక్షన్‌లో అందరూ సంతకం పెట్టమని నా టేబుల్ చుట్టూ చేరారు. మా తమ్ముడేమో ఓ విదేశీ కంపెనీకి విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఉన్నాడు, అక్కడా జీతాల గొడవే. "నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు కాబట్టి నువ్వు సమ్మె చేస్తావు, మేం నోరెత్తితే గేటు బయటే" అంటాడు వాడు. చట్టం ప్రకారం మా ఇద్దరిలో ఎవరికి హక్కుంది? ప్రొబేషన్‌లో ఉండి సమ్మెకు వెళ్తే ఏమవుతుంది? ఫారిన్ ఫ్యాక్టరీలు వస్తున్నాయని అందరి హక్కులూ కత్తిరిస్తున్నారన్నది నిజమేనా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాతకాపు_ఎన్జీవో
తమ్ముడూ, కళ్లు మూసుకుని సంతకం పెట్టెయ్. 2011 సకల జనుల సమ్మె చూసినవాణ్ణి చెబుతున్నా. సెప్టెంబర్ 13న మొదలైతే అక్టోబర్ 24 దాకా నడిచింది, మధ్యలో దసరా. జీతం లేకుండా పండగ చేసుకున్నాం, కిరాణా కొట్టాయన ఖాతా రాసుకుంటూనే ఉన్నాడు, ఒక్కమాట అనలేదు. తర్వాత ఆ రోజుల్ని స్పెషల్ క్యాజువల్ లీవు కింద మార్చారు. 2013లో ఆంధ్ర వైపు ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ఉద్యోగులు) సమైక్యాంధ్ర కోసం రెండు నెలలకు పైగా కూర్చున్నారు. ఒక్కణ్ణైనా పీకారా? కలిసి ఉంటే ఎవడూ ఏం చేయలేడు.

లేబర్‌కోర్టు_నల్లకోటు
"ఒక్కణ్ణైనా పీకారా" అంటున్న పెద్దాయన 2003 తమిళనాడు గుర్తు తెచ్చుకోవాలి. ఆ జూలైలో సమ్మెకు దిగిన సుమారు 1.7 లక్షల మందిని ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) లాంటి రాష్ట్ర చట్టం కింద రాత్రికి రాత్రి తీసేశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. రంగరాజన్ కేసు అంటారు, తీర్పు 2003 ఆగస్టు 6న. ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టబద్ధ హక్కు లేదు, నైతిక హక్కు కూడా లేదన్నారు. చాలామందిని మళ్లీ తీసుకున్నారు, కానీ క్షమాపణ పత్రం రాయించుకుని. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది, ప్రదర్శన చేసుకోవచ్చని 1962లోనే కామేశ్వర్ ప్రసాద్ కేసులో చెప్పారు, అదే తీర్పులో సమ్మెకు మాత్రం ప్రాథమిక హక్కు లేదన్నారు. ఈ కేసులు చదువుతూనే నా జుట్టు నెరిసింది, వాట్సాప్‌లో వచ్చింది కాదు.

పాతకాపు_ఎన్జీవో
వకీలు సాబ్, తీర్పు కాగితం మీద ఉంటది, సమ్మె రోడ్డు మీద ఉంటది. 2003 తర్వాతే కదా 2011 వచ్చింది, 2013 వచ్చింది. ఆ తీర్పు పట్టుకుని ఎవరన్నా ఆపగలిగిన్రా?

సీఎల్_మాస్టారు
ఇంత గొడవ ఎందుకండీ. సమ్మె అనే మాట వాడకండి, సామూహిక సెలవు పెట్టండి. సీఎల్ మన ఖాతాలో ఉన్నది, మనం వాడుకుంటాం, ఎవరడుగుతారు? మా ఉపాధ్యాయ సంఘాలు ఎన్నోసార్లు చేసిన పనే ఇది.

లేబర్‌కోర్టు_నల్లకోటు
మాస్టారూ, ఇలాంటి సలహాలతోనే పిల్లలు ఇరుక్కుంటారు. ఏపీ ప్రవర్తనా నియమావళి, 1964, 4వ నియమం తీసి చదవండి. సమ్మె ఒక్కటే కాదు, "అలాంటి చర్యలు" అన్నీ నిషేధమే. అనుమతి లేకుండా విధులకు రాకపోవడం, పై అధికారిని లొంగదీయడానికి పని మానేయడం, నిరాహార దీక్ష, చివరికి అందరూ కూడబలుక్కుని జీతం తీసుకోమని భీష్మించినా అందులోకే వస్తుంది. సీఎల్ మీ హక్కు కాదు, మంజూరు చేస్తేనే సెలవు.

సీఎల్_మాస్టారు
మరి మా మండలంలో మంజూరు చేశారే! ఎంఈవో (మండల విద్యాధికారి) గారే సంతకం పెట్టారు. మీ నియమం మీ దగ్గర ఉంచుకోండి.

లేబర్‌కోర్టు_నల్లకోటు
మంజూరు చేస్తే అది సెలవు, చేయకపోతే సమ్మె. నేను చెప్పిందీ అదే. పైగా ఇప్పుడు ప్రైవేటు ఫ్యాక్టరీల్లో కూడా ఈ దారి మూసేశారు. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఒకేరోజు సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని సీఎల్ పెడితే అది సమ్మే. 2020లో పార్లమెంటు పాస్ చేసింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది.

సీఎల్_మాస్టారు
చూశారా, ఫ్యాక్టరీకి సగం మంది అని రాశారంటే 49 శాతం పెడితే తప్పు లేదనే కదా అర్థం! మనం కూడా అలాగే చేద్దాం.

లేబర్‌కోర్టు_నల్లకోటు
ఆ సగం లెక్క ఫ్యాక్టరీ కార్మికుడికి! మీరు సర్కారు బడి టీచరు, మీకు ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. రెండూ కలిపి వండకండి. అసలు లెక్కల మాస్టారా మీరు?

సీఎల్_మాస్టారు
సోషల్. అయితే ఏంటి? మీకు ఫీజు ఇవ్వనివాళ్లు మాట్లాడకూడదా?

మోడరేటర్
ఇద్దరూ తగ్గండి. వృత్తుల మీదకు వెళ్లొద్దు.

స్టీరింగ్_బాబాయ్
ఏపీలో ఆర్టీసీ డ్రైవర్‌ని. 2020 జనవరి 1 నుంచి మేం గవర్నమెంట్ ఉద్యోగులం, ప్రజా రవాణా శాఖ. ఏళ్ల తరబడి అడిగిన కోరిక. ఇప్పుడు మా ఆవిడ వాళ్ల పుట్టింట్లో కూడా గవర్నమెంటు అల్లుడు అంటున్నారు. పక్క రాష్ట్రంలో ఇదే విలీనం కోసం 2019 అక్టోబర్ 5 నుంచి 52 రోజులు సమ్మె చేశారు, సుమారు 48 వేల మంది. "సెల్ఫ్ డిస్మిస్" అన్నారు, చివరికి విలీనం లేకుండానే డ్యూటీకి వెళ్లారు. మాకు సమ్మె లేకుండానే వచ్చింది. అదృష్టం కూడా ఉండాలండీ.

గేటుబయటోడు
బాబాయ్, విలీనంతో ఏం పోయిందో చూశావా? కార్పొరేషన్‌లో ఉన్నన్నాళ్లూ మీరు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు. నోటీసు ఇచ్చి, గడువు ఆగి చట్టబద్ధంగా బస్సు ఆపొచ్చు. ఇప్పుడు ఆ వకీలు గారు చెప్పిన 4వ నియమం నీ మెడకు కూడా పడింది.

స్టీరింగ్_బాబాయ్
పెన్షనో, సమ్మె హక్కో ఏది కావాలని అడిగితే ఎవడైనా ఏది కోరుకుంటాడు? ఆపకుండానే పని జరుగుతుంటే ఆపడం ఎందుకు.

పాతకాపు_ఎన్జీవో
పెన్షనా? మీకు ఏ పెన్షనో ముందు కనుక్కో. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినోళ్లకే సీపీఎస్ తప్ప పాత పెన్షన్ లేదు.

గేటుబయటోడు
అసలు ప్రశ్నలో తమ్ముడి సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు. నేను ఆ తమ్ముడి లాంటోణ్ణే. విదేశీ కంపెనీ, పేరు అడక్కండి. నా పేస్లిప్ మీద కంపెనీ పేరే ఉండదు, లేబర్ ఏజెన్సీ పేరుంటుంది. డిప్లొమా అయ్యాక ట్రైనీ అన్నారు, తర్వాత ఫిక్స్‌డ్ టర్మ్ అన్నారు. ఓసారి సాయంత్రం షిఫ్ట్ అయ్యాక టీకొట్టు దగ్గర కొందరం యూనియన్ ఫారాలు నింపాం. మర్నాడు కంపెనీ బస్సు మా స్టాపులో ఆగలేదు. ఆపమని చెయ్యెత్తితే డ్రైవర్ మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు. నోటీసు లేదు, మెమో లేదు. బస్సు ఆగకపోతే డ్యూటీ లేనట్టే, ఏజెన్సీ వాడు మాత్రం "నువ్వే రాలేదు" అని రాసుకున్నాడు. గవర్నమెంటు వాళ్లకు హక్కు లేదని తీర్పుంది కానీ ఉద్యోగం ఉంది. మాకు హక్కుంది, ఉద్యోగం లేదు.

చిన్నపరిశ్రమ_పెద్దతలనొప్పి
మీ అందరి బాధలూ సరే, నడుమ నలిగేది నేను. ఓ విదేశీ ప్లాంటుకు రబ్బరు భాగాలు సప్లై చేస్తా. వాళ్ల దగ్గర స్టాకు ఉండదు, గంటల లెక్కన లారీ రావాలి. నా సరుకు ఆలస్యమై వాళ్ల లైన్ ఆగితే నిమిషాల లెక్కన డెబిట్ నోట్ (నా బిల్లులో కోత) పంపుతారు. ఇటు ఆఫీసుల్లో పెన్‌డౌన్ అంటే నా లైసెన్సు రెన్యువల్ ఫైలు టేబుల్ దాటదు. ఆ విదేశీ ప్లాంట్లకేమో సింగిల్ డెస్క్ (అనుమతులన్నీ ఒకేచోట), ప్రత్యేక అధికారి, రాయితీలు. నాకు కుర్చీలో మనిషే ఉండడు. ఇక 10 గంటల పని అంటూ చట్టం మార్చింది కూడా నా కోసమా? ఓవర్‌టైమ్ ఇచ్చే స్తోమత నాకెక్కడిది.

ఉక్కునగరం
విదేశీ ఫ్యాక్టరీల గురించి మాట్లాడుతూ వైజాగ్ స్టీల్ మాట ఎత్తకపోతే ఎలా? 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోతే వచ్చిన ప్లాంటు. 2021 జనవరి 27న కేంద్రం అమ్మేస్తామంది. సొంత ఇనుప ఖనిజం గనులు లేవు, ఇచ్చి ఉంటే నష్టాలే ఉండేవి కావు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చారు, బాగుంది. అదే సమయంలో నక్కపల్లిలో ఆర్సెలార్‌మిట్టల్ నిప్పాన్ స్టీల్‌కు ఎర్ర తివాచీ. మావాళ్లు కూర్మన్నపాలెంలో టెంటు వేసుకుని ఏళ్ల తరబడి కూర్చున్నారు.

కొరియాకార్లు_మాఊరికి
అన్నా, ప్రతిదానికీ ఏడిస్తే ఎలా. అనంతపురంలో కియా రాకముందు ఆ నేల ఎలా ఉండేదో తెలుసా? 2017లో ఒప్పందం, 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. మా ఊరి ఐటీఐ కుర్రాళ్లు బెంగళూరు వలస మానేశారు. సమ్మెలు, జెండాలు అంటే తర్వాతి కంపెనీ గుజరాత్ పోతుంది.

గేటుబయటోడు
జెండా ఉన్న చోటి నుంచి ఏ కంపెనీ పోయింది? శ్రీపెరంబుదూర్‌లో శాంసంగ్ వాళ్లు 2024 సెప్టెంబర్ 9 నుంచి 37 రోజులు సమ్మె చేశారు. ఫ్రిజ్‌లు, టీవీలు, వాషింగ్ మెషిన్లు చేసే ప్లాంటు. అడిగింది జీతం ఒక్కటే కాదు, యూనియన్ రిజిస్ట్రేషన్. కోర్టుకెళ్లి మరీ 2025 జనవరిలో తెచ్చుకున్నారు. కంపెనీ ఎక్కడికీ పోలేదు. 2024 జూలైలో కొరియాలో కూడా శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ చరిత్రలోనే మొదటి పెద్ద సమ్మె జరిగింది. వాళ్ల దేశంలో చేస్తే ప్రజాస్వామ్యం, మనం చేస్తే పెట్టుబడులు పారిపోతాయా?

కొరియాకార్లు_మాఊరికి
ఆ తమిళనాడుకు చెన్నై పోర్టుంది, దశాబ్దాల వెండర్ నెట్‌వర్క్ ఉంది. వాళ్లు తట్టుకుంటారు. మనం ఇప్పుడిప్పుడే మొదలెట్టాం. నిన్ను అనలేదు, జెండా పట్టుకునేవాళ్లను అన్నా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం దేనికి?

గేటుబయటోడు
భుజాలు తడుముకోవడం కాదు, బస్సు ఆగని రోజున నువ్వు నా పక్కన నిలబడి ఈ మాట అను.

జర్మనీలో_తెనాలోడు
ఇక్కడి సంగతి చెప్తా. జర్మనీలో బయామ్టె అనే శాశ్వత సర్కారు ఉద్యోగులకు సమ్మె హక్కు లేదు, చాలామంది టీచర్లు అందులోకే వస్తారు. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా 2023 డిసెంబర్‌లో ఆ నిషేధాన్ని సమర్థించింది. కానీ అదే ఆఫీసులో ఒప్పందం మీద పనిచేసేవాళ్లు సమ్మె చేయొచ్చు, రైలు డ్రైవర్లు దర్జాగా చేస్తారు. ఇక ఫ్యాక్టరీల విషయం, 2,000 మందికి మించి ఉన్న కంపెనీ పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు కార్మికుల వైపువే. ఆ కంపెనీలే మన దగ్గరికొచ్చి యూనియన్ అంటే ఉలిక్కిపడతాయి. ఎవరి చట్టం ఎలా ఉంటే వాళ్లు అలా ఉంటారు.

ఉక్కునగరం
మన ప్రభుత్వం ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) 87, 98 ఒప్పందాలను ఇప్పటిదాకా ఆమోదించలేదు తెలుసా? సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సమష్టిగా బేరమాడే హక్కు. అందుకు మొదటినుంచీ చెప్పిన కారణం కూడా ప్రభుత్వోద్యోగులే.

ఆయమ్మకూతురు
మీరంతా ఉద్యోగులు, కార్మికులు అంటున్నారు. అంగన్‌వాడీలు ఏ లెక్క? జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఉద్యోగులు కారు కాబట్టి పీఆర్సీ లేదు. కానీ 2023 డిసెంబర్ 12 నుంచి ఏపీలో సమ్మె చేస్తుంటే జనవరిలో ఎస్మా పెట్టారు. అంటే జీతానికి స్వచ్ఛంద సేవకులు, సమ్మెకు అత్యవసర సేవకులు. అప్పట్లో టీచరుకు 11,500, ఆయమ్మకు 7,000. వకీలు గారూ, దీనికేమంటారు?

లేబర్‌కోర్టు_నల్లకోటు
అమ్మా, ఎస్మాకు మీరు పర్మనెంటా కాదా అన్నది అక్కర్లేదు, సేవను అత్యవసరం అని ప్రకటిస్తే చాలు. అన్యాయం అంటే అన్యాయమే, కాదనను. ఫ్యాక్టరీల వాళ్లూ వినండి. పాత చట్టంలో ముందస్తు నోటీసు నీళ్లు, కరెంటు, రైళ్ల లాంటి ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి. చాలా రాష్ట్రాలు ఎస్‌ఈజెడ్‌లను (ప్రత్యేక ఆర్థిక మండళ్లను) కూడా ఆ జాబితాలో చేర్చాయి. అంటే బూట్లు కుట్టే ఫ్యాక్టరీ కూడా మంచినీళ్ల సరఫరాతో సమానం. ఇప్పుడు కొత్త కోడ్ ఆ తేడానే తీసేసింది, ఏ సంస్థ అయినా 14 రోజుల నోటీసు ఇవ్వాలి, చర్చలు నడుస్తుంటే దిగకూడదు. ప్రశ్న అడిగిన అబ్బాయి అనుమానం తప్పేం కాదు. మీ వైపు తలుపు ఎప్పుడో మూశారు, తమ్ముడి వైపు ఇప్పుడు దగ్గరకేస్తున్నారు.

చిన్నపరిశ్రమ_పెద్దతలనొప్పి
300 మంది లోపు ఉన్నవాళ్లు మూసేయడానికి అనుమతి అక్కర్లేదని కూడా అందులోనే ఉంది, ఇంతకుముందు కేంద్ర చట్టంలో 100. అది చెప్పరేం? మాలాంటి వాళ్లకు కాస్త ఊపిరాడింది.

గేటుబయటోడు
మీకు ఊపిరి, 299 మందికి ఉరి.

కొత్తగుమాస్తా
అందరికీ థాంక్స్. కానీ నా ప్రొబేషన్ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. రేపు లిస్టు పైకి పంపుతారట.

పాతకాపు_ఎన్జీవో
సంఘం చూసుకుంటది.

లేబర్‌కోర్టు_నల్లకోటు
సంఘం చూసుకోదు. మూడేళ్లలోపు రెండేళ్ల డ్యూటీ పూర్తవ్వాలి. సమ్మె రోజుల్ని డైస్ నాన్ చేస్తే అవి డ్యూటీలోకి రావు, జీతం కూడా పోతుంది. పర్మనెంట్ వాళ్లను తీసేయాలంటే 311 అధికరణ కింద విచారణ ఉండాలి, ప్రొబేషనర్‌ను ఏ తప్పూ మోపని మామూలు ఉత్తర్వుతో ఇంటికి పంపడం వాళ్లకు తేలిక. లంచ్ అవర్‌లో నల్ల బ్యాడ్జీతో ధర్నాలో నిలబడు, అది వేరు. లిస్టులో మాత్రం పేరు రాయకు, సీనియర్లను రాయమను.

పాతకాపు_ఎన్జీవో
భలే చెప్పినవ్. అందరూ ఇట్లనే అనుకుంటే లిస్టులో మిగిలేది రిటైర్మెంట్ దగ్గరికొచ్చినోళ్లే.

సీఎల్_మాస్టారు
సామూహిక సెలవు పెట్టుకోవచ్చని ఉత్తర్వు ఉంది, నేను చూశాను. సాయంత్రం బడి నుంచి వచ్చాక కాపీ పెడతా.

లేబర్‌కోర్టు_నల్లకోటు
పెట్టండి. నంబరు, తేదీ కనపడేలా పెట్టండి.