పబ్లిక్ యూనివర్సిటీలు కాదన్నాయి, ప్రైవేటులో సీటు ఉంది: చేరాలా, ఒక సెమిస్టర్ ఆగాలా?

కరీంనగర్_మెకానికల్
అందరికీ నమస్కారం. మెకానికల్‌లో బీటెక్ అయింది. సీజీపీఏ 7.1, ఐఈఎల్‌టీఎస్ 6.5, ఏపీఎస్ సర్టిఫికెట్ (మన మార్కుల కాగితాలు అసలువే అని జర్మనీకి రుజువు చేసేది) వచ్చేసింది. అక్టోబరులో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కి హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ ద్వారా జర్మనీలో నాలుగు పబ్లిక్ యూనివర్సిటీలకు అప్లై చేశాను. నాలుగూ డేటా సైన్స్, కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్సీలే. నాలుగూ రిజెక్ట్ అయ్యాయి. 'ఈసారి కాంపిటీషన్ ఎక్కువ' అన్నారు. ఇప్పుడు బెర్లిన్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో డేటా అనలిటిక్స్ సీటు ఇప్పిస్తామంటున్నారు. స్కాలర్‌షిప్ తీసేశాక కోర్సు మొత్తానికి 14 వేల యూరోలు. డిపాజిట్ వెంటనే కట్టాలట. నాన్న పొలం కాగితాలు బ్యాంకులో పెట్టడానికి సిద్ధమయ్యారు. ఆగితే గ్యాప్ వస్తుందని ఇంట్లో టెన్షన్. చేరిపోవాలా, సమ్మర్ సెమిస్టర్‌కి మళ్లీ ప్రయత్నించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కైజర్స్‌లౌటర్న్_అక్క
తమ్ముడూ, డిపాజిట్ కట్టకు. ముందు ఒక పని చెయ్యి. ఆ నాలుగు రిజెక్షన్ లెటర్లు నువ్వు చదివావా? కాంపిటీషన్ అన్నది కన్సల్టెన్సీ మాట. యూనివర్సిటీ పంపే లెటర్‌లో కారణం రాసి ఉంటుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు కనిపిస్తున్న కారణం వేరు.

మనవాళ్లందరం అమెరికా లెక్కలో ఆలోచిస్తాం. అక్కడ మెకానికల్, సివిల్ చదివినవాళ్లు కూడా కంప్యూటర్స్‌కి మారిపోతుంటారు. జర్మనీలో మాస్టర్స్ చాలావరకు బ్యాచిలర్స్‌కి కొనసాగింపు. కోర్సు పేజీలో 'మ్యాథ్స్‌లో ఇన్ని ఈసీటీఎస్ (యూరప్‌లో వాడే క్రెడిట్లు), థియరిటికల్ కంప్యూటర్ సైన్స్‌లో ఇన్ని, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని' అని రాసి ఉంటుంది. వాళ్లు నీ సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని సబ్జెక్టు సబ్జెక్టుకీ సరిపోల్చి చూస్తారు. తక్కువైతే నీకు 9.5 సీజీపీఏ ఉన్నా రిజెక్టే.

నీ విషయమే లెక్క వేద్దాం. నాలుగేళ్ల బీటెక్ 160 క్రెడిట్లు అనుకో. జర్మనీలో నాలుగేళ్ల చదువు 240 ఈసీటీఎస్. అంటే నీ ఒక్కో క్రెడిట్ సుమారు ఒకటిన్నర అవుతుంది. మ్యాథ్స్ పేపర్లు ఎం1, ఎం2, ఎం3 కలిపి పన్నెండు క్రెడిట్లుంటే 18 ఈసీటీఎస్. ఫస్టియర్‌లో సీ ప్రోగ్రామింగ్ ఒక్కటే చదివి ఉంటావు, ల్యాబ్‌తో కలిపినా 6కి అటూ ఇటూ. డేటా స్ట్రక్చర్స్, ఆటోమేటా, డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అన్నీ సున్నా. కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కి ఇది ఏ మూలకూ చాలదు. అప్లై చేసేముందు పది నిమిషాలు ఆ పేజీ చదివితే తెలిసే సంగతి ఇది. నీకు చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు.

బెర్లిన్_సప్లైచైన్
అక్క చెప్పిన ఈసీటీఎస్ సంగతి నిజమే. కానీ ప్రైవేటు అనగానే దొంగ డిగ్రీ అన్నట్టు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తున్నాను. నేను ప్రైవేటులోనే మాస్టర్స్ చేశాను. ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థ, యూనివర్సిటీల గుర్తింపు చూసుకునే అనబిన్ డేటాబేస్‌లో హెచ్ ప్లస్, అంటే గుర్తింపు ఉన్నట్టు. అలాంటి చోట చదివినా కోర్సు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అదే 18 నెలల పర్మిట్ వస్తుంది. చదువుతున్నప్పుడు ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకునే వీలూ అందరికీ ఒకటే. క్లాసులో తక్కువమంది ఉండేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లు కంపెనీల నుంచి వచ్చేవాళ్లు. ఇప్పుడు లాజిస్టిక్స్ కంపెనీలో పర్మనెంట్ ఉద్యోగం. ఇంటర్వ్యూలో పబ్లిక్కా ప్రైవేటా అని నన్నెవరూ అడగలేదు. జర్మన్ వచ్చా అని అడిగారు.

ఏడాది ఖాళీగా కూర్చోవడం కంటే వెళ్లి చదువుకోవడం మేలు అన్నది నా అభిప్రాయం. కాకపోతే క్యాంపస్‌లో కూర్చోబెట్టి చెబుతారా, ఆన్‌లైన్ క్లాసులా అన్నది రాతపూర్వకంగా తెలుసుకో. చాలా భాగం ఆన్‌లైన్ అయితే స్టూడెంట్ వీసాకే ఎసరు.

కైజర్స్‌లౌటర్న్_అక్క
బెర్లిన్ గారూ, మీరు వెళ్లేనాటికి ఉద్యోగ అనుభవం ఉందా?

బెర్లిన్_సప్లైచైన్
ఉందండీ, బెంగళూరులో మూడేళ్లు. జర్మన్ భాషలో బీ1 స్థాయి అక్కడే పూర్తి చేశాను.

కైజర్స్‌లౌటర్న్_అక్క
అదే నేననేది. మీకు ఉద్యోగం తెచ్చినవి ఆ మూడేళ్లూ ఆ బీ1. ఈ అబ్బాయికి రెండూ లేవు. ఇతను 14 వేల యూరోలు కట్టి డిగ్రీ తెచ్చుకున్నా, జర్మన్ రాని, అనుభవం లేని, మెకానికల్ నుంచి వచ్చిన డేటా అనలిస్టుగా నిలబడతాడు. మీ దారిని తప్పుపట్టడం లేదు. అదే దారి ఇతనికి సరిపోతుందని మాత్రం ఒప్పుకోను.

నెల్లూరు_నాన్న
బాబూ, నాకు ఈ క్రెడిట్లు తెలియవు, డబ్బు లెక్క తెలుసు. మా అమ్మాయి కెమ్నిట్జ్‌లో చదువుతోంది. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. యూరో వంద రూపాయలనుకుంటే పన్నెండు లక్షలు. అది ఫీజు కాదు, పిల్లల పేరు మీదే ఉండి నెలకు 992 చొప్పున వాళ్ల చేతికే వస్తుంది. పబ్లిక్ అయినా ప్రైవేటు అయినా ఆ డబ్బు చూపించాల్సిందే. కన్సల్టెన్సీ వాళ్లు రెండూ కలిపి ఒకే అంకె చెబితే మీ నాన్నగారికి తేడా తెలియకపోవచ్చు, విడదీసి చెప్పు.

పబ్లిక్‌లో మా అమ్మాయికి పడేది సెమిస్టర్‌కి కట్టే కాంట్రిబ్యూషన్, హెల్త్ ఇన్సూరెన్స్, అద్దె, తిండి. నీకు వీటి మీద ఇంకో పద్నాలుగు లక్షలు. బ్యాంకు వడ్డీ నువ్వు విమానం ఎక్కకముందే మొదలవుతుంది. పొలం తాకట్టు పెట్టినవాడికి నిద్ర ఎలా ఉంటుందో మీ నాన్నగారు నీకు చెప్పరు, నేను చెబుతున్నాను. గ్యాప్ గురించి ఊళ్లోవాళ్లు రెండు నెలలు అడుగుతారు, ఆ తర్వాత వాళ్ల పనుల్లో వాళ్లుంటారు.

విజయవాడ_కౌన్సెలర్
నేను కన్సల్టెన్సీలో పని చేస్తాను, కాబట్టి నా మాటను ఆ లెక్కలోనే తీసుకోండి. జర్మన్ పబ్లిక్ యూనివర్సిటీలు మామూలుగా ఏజెంట్లకు కమీషన్ ఇవ్వవు. ప్రైవేటువి చాలావరకు ఇస్తాయి. ఎవరైనా మీకు ప్రైవేటు సీటు చూపిస్తే 'దీనిమీద మీకెంత వస్తుంది' అని మొహమాటం లేకుండా అడగండి. అడిగే హక్కు మీకుంది.

కానీ 'అంతా సొంతంగా చేసుకోండి' అనేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఇంట్లో మొదటిసారి డిగ్రీ చూసినవాళ్లు ఉంటారు. జర్మన్‌లో వచ్చిన మెయిల్ చూడగానే చేతులాడవు. మోటివేషన్ లెటర్‌లో ఏం రాయాలో చెప్పేవాళ్లు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపి ఇచ్చే మెమో) కోసం యూనివర్సిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో చెప్పేవాళ్లు వాళ్లకు చుట్టుపక్కల ఉండరు. ఫీజు తీసుకుని నిజాయితీగా సాయం చేసేవాళ్లం ఉన్నాం. అందరినీ ఒక గాటన కట్టొద్దు.

పాడర్‌బోర్న్_రూమ్‌మేట్
కౌన్సెలర్ గారూ, మీ మాట గౌరవిస్తాను. కానీ ఇక్కడ నా రూమ్‌మేట్ కథ వినండి. వాడి ఏజెంటు తన మెయిల్ ఐడీతోనే యూని అసిస్ట్‌లో (చాలా యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు తీసుకుని పరిశీలించే సంస్థ) అకౌంట్ తెరిచాడు. ఒక కాగితం తక్కువైందని వచ్చిన మెయిల్ వాడికి చేరేసరికి గడువు దాటిపోయింది. సాయం తీసుకోండి, కానీ మెయిల్, పాస్‌వర్డ్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి. ఈ ఒక్క షరతుకి ఒప్పుకోని చోట అడుగు పెట్టొద్దు.

కరీంనగర్_మెకానికల్
పాస్‌వర్డ్ కోసం గట్టిగా అడిగితే ఇచ్చారు. లెటర్లు చదివాను. మూడింటిలో ఒకటే కారణం: కంప్యూటర్ సైన్స్, మ్యాథ్స్ క్రెడిట్లు చాలలేదు. నాలుగో దాంట్లో గ్రేడ్ 2.5 లోపు ఉండాలి, మీది 2.74 అని ఉంది. వీపీడీలో (యూని అసిస్ట్ మన మార్కులు పరిశీలించి ఇచ్చే కాగితం) కూడా అదే అంకె. కాంపిటీషన్ అన్న మాట ఎక్కడా లేదు. 7.1 అంటే 2.74 ఎలా అయింది?

పాడర్‌బోర్న్_రూమ్‌మేట్
జర్మనీలో 1 అంటే అన్నింటికంటే మంచి గ్రేడ్, 4 అంటే పాస్. మోడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అని ఒకటుంది. గరిష్ఠం 10లో నీ 7.1 తీసెయ్, 2.9 మిగులుతుంది. దాన్ని మూడుతో గుణిస్తే 8.7. గరిష్ఠానికీ పాస్ మార్కుకీ ఉన్న తేడాతో భాగించి, ఒకటి కలుపు. నీ మెమోలో కనీస పాస్ 5 అని ఉన్నట్టుంది. అందుకే 8.7ని 5తో భాగిస్తే 1.74, ఒకటి కలిపితే 2.74.

హనుమకొండ_2026
పాస్ 4 అని ఉంటే 2.45 వస్తుంది కదా? అంటే 2.5 లోపే. కాలేజీలో తెలిసినవాళ్లతో 'కనీస గ్రేడ్ 4' అని లెటర్ రాయించుకోవచ్చు. మా సీనియర్లు కొందరు అలాగే చేశారట.

కైజర్స్‌లౌటర్న్_అక్క
ఆ సలహా ఇవ్వొద్దు తమ్ముడూ. రెగ్యులేషన్ పుస్తకంలో 5 అని ఉంటే 5 అంతే. దొంగ కాగితాలు ఎక్కువయ్యాయనే కదా 2022 నవంబరు నుంచి మనవాళ్లందరికీ ఏపీఎస్ తప్పనిసరి అయింది. నిజంగా చదివిన పిల్లలు కూడా 18 వేల రూపాయలు కట్టి, వారాల తరబడి ఎదురుచూసి, మా మార్కులు అసలువే అని రుజువు చేసుకోవాల్సి వస్తోంది. నీ ఒక్క లెటర్ దొరికితే నీ సీటే కాదు, ఆ కాలేజీ నుంచి వచ్చే ప్రతి కాగితాన్నీ అనుమానంగా చూస్తారు.

పుస్తకంలో నిజంగానే 4 ఉండి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో పొరపాటున 5 పడితే వేరే సంగతి. అప్పుడు రెగ్యులేషన్ కాపీ జతచేసి ధైర్యంగా అడగొచ్చు.

బెర్లిన్_సప్లైచైన్
ఈ విషయంలో అక్కతో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తున్నాను. లెటర్లు చూశాక నా అభిప్రాయం కూడా కొంచెం మారింది. ఇతన్ని పబ్లిక్ యూనివర్సిటీలు కాదనలేదు, తన బ్రాంచి కాని కోర్సులే కాదన్నాయి. మెకానికల్ వైపు అసలు అప్లై చేయనేలేదు కదా. అదొకసారి చూడకుండా పద్నాలుగు లక్షలు పెట్టడం తొందరపాటే.

నెల్లూరు_నాన్న
బాబూ, పబ్లిక్ అంటే అన్నిచోట్లా ఉచితం అనుకుని వెతకొద్దు. స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూహె ఉన్న బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మన పిల్లలకు సెమిస్టర్‌కి 1500 యూరోల ఫీజు ఉంది. మ్యూనిక్‌లోని టెక్నికల్ యూనివర్సిటీ (టీయూఎం) 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4 నుంచి 6 వేల యూరోలు పెట్టింది. మా అమ్మాయి అప్లై చేసేటప్పుడు ఇదంతా ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

కరీంనగర్_మెకానికల్
మెకానికల్‌లో ఇంగ్లిష్ కోర్సులు ఉన్నాయా? అన్నీ జర్మన్‌లోనే ఉంటాయని కన్సల్టెన్సీలో చెప్పారు. నాకు కోడింగ్ ఇష్టం, దాన్ని పూర్తిగా వదిలేయాలా?

కైజర్స్‌లౌటర్న్_అక్క
వదిలేయక్కర్లేదు. డాడ్ (విదేశీ విద్యార్థులకు సాయపడే జర్మన్ సంస్థ, DAAD) వెబ్‌సైట్‌లో ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్ డేటాబేస్ ఉంది. ఇంగ్లిష్, మాస్టర్స్ అని ఫిల్టర్ పెట్టి నువ్వే వెతుకు. జీగెన్‌లో మెకట్రానిక్స్, బోఖుమ్‌లో కంప్యుటేషనల్ ఇంజనీరింగ్, డ్యూస్‌బుర్గ్-ఎస్సెన్‌లో మెకానికల్ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. కంప్యుటేషనల్ వైపు వెళ్తే రోజంతా కోడింగే, సిమ్యులేషన్లు రాయడమే పని. అక్కడ నీ థర్మోడైనమిక్స్, నీ ఫైనైట్ ఎలిమెంట్ పేపర్ అన్నీ లెక్కలోకి వస్తాయి. టెక్నికల్ యూనివర్సిటీలే కాదు, హోఖ్‌షూలెలు (అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు) కూడా చూడు. అవీ చాలావరకు ప్రభుత్వానివే, ప్రాక్టికల్ పని ఎక్కువ ఉంటుంది.

ఒక్కోదానికీ నాలుగు సంగతులు రాసుకో: గ్రేడ్ హద్దు ఉందా, ఏ సబ్జెక్టులో ఎన్ని ఈసీటీఎస్ కావాలి, సమ్మర్‌లో చేర్చుకుంటారా, యూని అసిస్టా నేరుగా పోర్టలా. గ్రేడ్ హద్దు దగ్గర జాగ్రత్త, నీది 2.74. కొన్ని కోర్సులకు సీట్ల పరిమితి ఉండదు, అర్హత ఉన్నవాళ్లందరినీ తీసుకుంటారు. కోర్సు పేజీలో 'జులాసుంగ్స్‌ఫ్రై' అని ఉంటే అదే. ముందు వాటిని పట్టుకో. సమ్మర్‌కి చాలాచోట్ల గడువు జనవరి 15. కానీ కొన్నిచోట్ల మన దేశం వాళ్లకు ముందే ముగుస్తుంది. బోలెడు కోర్సులు వింటర్‌లో మాత్రమే తీసుకుంటాయి, సమ్మర్‌లో ఏదీ కుదరకపోతే అక్టోబరు దాకా ఆగాల్సి రావచ్చు. అది కూడా ఇంట్లో ముందే చెప్పు.

విజయవాడ_కౌన్సెలర్
ఏపీఎస్‌కి గడువు తీరడం ఉండదు కాబట్టి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లు చెల్లుతుంది, తేదీ చూసుకోండి. ఆగే నెలల్లో గోథే సెంట్రమ్‌లోనో ఇంకో చోటో జర్మన్ భాష ఏ2 స్థాయి దాకా చదవండి. గ్యాప్ అడిగితే చూపించడానికి సర్టిఫికెట్ కూడా ఉంటుంది. యూని అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాతివాటికి తలా 30. పది చోట్ల గుడ్డిగా వేసేకంటే సరిపడే నాలుగింటికి వేయండి.

కరీంనగర్_మెకానికల్
డిపాజిట్ కట్టడం లేదని ఫోన్ చేసి చెప్పేశాను. నాన్నకు 11,904, 14,000 వేర్వేరుగా కాగితం మీద రాసి చూపించాను. 'అయితే కాగితాలు బీరువాలోనే ఉండనీ' అన్నారు. అక్కా, మా సిలబస్ పుస్తకం ఆరువందల పేజీలు ఉంది. మొత్తం పంపాలా?

కైజర్స్‌లౌటర్న్_అక్క
మొత్తం వద్దు. నువ్వు చదివిన సబ్జెక్టుల పేజీలు మాత్రం సెమిస్టర్ వరుసలో పెట్టి ఒక పీడీఎఫ్ చెయ్యి. పైన ఒక పట్టిక పెట్టు: ఎడమవైపు వాళ్లు అడిగిన సబ్జెక్టు, పక్కన దానికి సరిపోయే నీ పేపర్, క్రెడిట్లు, పీడీఎఫ్‌లో పేజీ నంబరు. కొన్ని యూనివర్సిటీలకు సొంత ఫారం ఉంటుంది, ఉంటే అదే వాడు. ఫైనైట్ ఎలిమెంట్ పేపర్‌కి ల్యాబ్ విడిగా ఉంటే ఆ పేజీ మరిచిపోవద్దు, అక్కడ ఒకటి రెండు ఈసీటీఎస్ కలుస్తాయి. పట్టిక తయారయ్యాక ఇక్కడే పెట్టు, చూసి చెబుతాను.