లెక్క తప్పని సర్వైవల్ సినిమాలు ఇంకేమున్నాయి?

హీరో మొండివాడు కాబట్టి బతికాడు అనే సినిమాలు వద్దండి. భుజంలో తూటా దిగినా మరుసటి సీన్‌లో అదే చేత్తో పదిమందిని ఎత్తి కుదేసే యాక్షన్ అసలే వద్దు. నీళ్లెన్ని ఉన్నాయి, తాడెంత ఉంది, ఎవరు ఎక్కడ పొరబడ్డారు, ఇవి చూపించేవి కావాలి.

'సొసైటీ ఆఫ్ ది స్నో' (2023) లాంటివి. 1972లో ఆండీస్‌లో కూలిన విమానంలో 45 మంది ఉంటే, 72 రోజుల తర్వాత మిగిలింది 16 మంది. చుట్టూ మంచే, తాగడానికి మాత్రం చుక్క లేదు. మంచు నేరుగా తింటే ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. అందుకే సీట్లలోని రేకు ఊడదీసి, ఎండకి ఏటవాలుగా పెట్టి, దాని మీద కరిగిన మంచుని సీసాలోకి పట్టారు. విమానం తోకలో దొరికిన ఇన్సులేషన్‌తో పడుకునే సంచి కుట్టుకున్నాకే కొండ దాటే ధైర్యం వచ్చింది.

'థర్టీన్ లైవ్స్' (2022) కూడా అంతే. థాయ్‌లాండ్‌లో నీళ్లు నిండిన గుహలో చిక్కుకున్న పిల్లల్ని డైవర్లు నీటి అడుగునుంచి బయటికి తెచ్చేటప్పుడు మత్తు ఎందుకిచ్చారో సూటిగా చెబుతుంది: మెలకువగా ఉంటే కంగారులో మాస్కు పీకేస్తారు, డైవర్‌కీ ప్రమాదమే. 'మంజుమ్మెల్ బాయ్స్' (2024)లో కుర్రాళ్లది తాడు లాగే పోటీ జట్టు కాబట్టి, గుహ గోతిలో పడ్డ స్నేహితుణ్ణి తాడుతో పైకి లాగే క్లైమాక్స్ నమ్మబుద్ధేస్తుంది.

తెలుగులో 'ఘాజీ' (2017) కొంత దగ్గర, కానీ అది యుద్ధం కథ. సముద్రం, ఎడారి మీద ఏమైనా ఉన్నాయా? డబ్బింగైనా పర్లేదు, జాంబీలు మాత్రం వద్దు. పేరుతో పాటు లెక్క కుదిరిన సీన్ ఒక్కటి రాస్తే చాలు, కథ చెప్పేయకండి.