తప్పు నాది, దెబ్బ పాపకి. ఇప్పుడు చెప్పాలా?

కూకట్‌పల్లి అమ్మ:
మా పాప మూడో తరగతి. స్కూల్ వ్యాన్ 7.20కి వస్తుంది. మంగళవారం 7.10కి చూస్తే ఐడీ కార్డు లేదు. తలుపు వెనక మేకుకి ఉండాలి. షూ స్టాండు, సోఫా కింద, ఫ్రిజ్ మీద, అంతా వెతికాం. ఇక మొదలుపెట్టాను. "ఒక్క వస్తువైనా జాగ్రత్తగా పెట్టుకుంటావా? అన్నీ నేనే చూడాలా?" లిఫ్టులో కూడా ఆపలేదు. వ్యాన్ ఎక్కేముందు వీపు మీద ఒక్కటి వేశాను. లోపలున్న పిల్లలందరూ చూశారు.

తొమ్మిదిన్నరకి హైటెక్ సిటీ స్టేషన్‌లో బయటికొచ్చే గేటు దగ్గర, మెట్రో కార్డు కోసం హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెడితే ఐడీ కార్డు నీలం తాడు తగిలింది. ముందురోజు డాన్స్ క్లాసు దగ్గర పాప మెడలోంచి తీసి నేనే బ్యాగులో వేసుకున్నాను.

అక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. సాయంత్రం చప్పుడు చెయ్యకుండా కార్డు మేకుకి తగిలించేశాను. పాప చూసి "ఎక్కడ దొరికిందమ్మా?" అంది. "సోఫా కింద" అన్నాను. "అక్కడ చూశానే" అని గొణుక్కుంటూ వెళ్లిపోయింది.

నాలుగు రోజులైంది, ఆ గొణుగుడు చెవిలోంచి పోవట్లేదు. అత్తయ్యకి చెబితే "పిల్లల దగ్గర తగ్గితే నెత్తికెక్కుతారు, వదిలెయ్" అన్నారు. మావారు "నీ ఇష్టం" అన్నారు (ఆయనకి అన్నిటికీ అదే జవాబు). మీరైతే ఏం చేస్తారు?

కవలల నాన్న, హనుమకొండ:
చెప్పెయ్యండి మేడమ్. చెప్పేటప్పుడు "కానీ" మాత్రం వాడొద్దు. నేను "సారీ రా, కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టేవాణ్ణి. ఒకరోజు మా పెద్దోడు (అంటే 6 నిమిషాలు పెద్ద) "నాన్నా, సారీ చెప్తున్నావా, తిడుతున్నావా?" అని అడిగాడు. చాక్లెట్ కూడా పట్టుకెళ్లకండి. మావాళ్లు రేటు పెంచేశారు, ఇప్పుడు ఒక సారీకి రెండు ఐస్‌క్రీములు.

సైకాలజీ టీచర్:
లండన్‌లో డొనాల్డ్ వినికాట్ అని పిల్లల డాక్టర్ ఉండేవాడు. 1940లలో బీబీసీ రేడియోలో తల్లులతో మాట్లాడేవాడు. లోపం లేని అమ్మ అక్కర్లేదు, సరిపోయేంత అమ్మ చాలు అన్నది ఆయన మాటే. మొదట్లో అన్నీ అందించిన అమ్మ, బిడ్డ తట్టుకోగలిగేకొద్దీ కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గుతుంది, లోకం తన చుట్టూ తిరగదని బిడ్డకి అలాగే తెలుస్తుంది అంటాడు.

ఈ మాటని చాలామంది "ఏం చేసినా పర్వాలేదు" అన్నట్టు వాడుకుంటారు, నాకు అది నచ్చదు. అమెరికాలో ఎడ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు తల్లీబిడ్డలు ఆడుకోవడం గమనించాడు. ఇద్దరికీ సరిగ్గా శ్రుతి కుదిరేది సుమారు 30 శాతం సేపే. మిగతాదంతా శ్రుతి తప్పడం, మళ్లీ కలుసుకోవడం. మీరూ శ్రుతి తప్పారు, అది అందరికీ జరిగేదే. కానీ "సోఫా కింద" అని ఆ తిరిగి కలుసుకునే దారి కూడా మూసేశారు. పైగా పాప తన కళ్లనే అనుమానించాల్సి వచ్చింది. నాకు దెబ్బ కన్నా అదే పెద్దదిగా కనిపిస్తోంది.

రాజమండ్రి అమ్మమ్మ:
అమ్మాయ్, మేం ఐదుగురం. మా అమ్మ తప్పు చేసినవాళ్లని కాదు, చేతికి దొరికినవాళ్లని కొట్టేది. సారీలు గీరీలు ఎక్కడివి? సాయంత్రం ఆ దెబ్బ తిన్నవాళ్ల పళ్లెంలో ఒక జంతిక ఎక్కువ పడేది. అంతే, మాకు అర్థమయ్యేది. కాబట్టి దెబ్బ గురించి మరీ కుమిలిపోకు. ఆ సోఫా మాట మాత్రం సరిచెయ్యి. పిల్ల వెతికానంటే వెతికే ఉంటుంది. మీ అత్తగారితో వాదం పెట్టుకోకు, ఆవిడ ఉండగానే చెప్పు.

కూకట్‌పల్లి అమ్మ:
చెప్పాను. నిన్న రాత్రి తలకి నూనె రాస్తూ చెప్పాను, ముఖం అటు తిరిగి ఉంటుందని (అంతే ధైర్యం మరి). "కార్డు సోఫా కింద లేదు. నా బ్యాగులో ఉంది. నేనే పెట్టుకుని మర్చిపోయి నిన్ను కొట్టాను. తర్వాత అబద్ధం కూడా చెప్పాను. సారీ." అత్తయ్య పక్కనే సీరియల్ చూస్తున్నారు, సౌండ్ తగ్గించారు.

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత నూనె తలతోనే లేచి వెళ్లి డైరీ తెచ్చింది. మంగళవారం పేజీలో టీచర్ ఎర్ర పెన్నుతో "ఐడీ కార్డు తేలేదు" అని రాశారు. కింద నా సంతకం. ఆ రాత్రి పెట్టిందే, కార్డు దొరికాక.

"మేడమ్‌కి కూడా రాయి" అంది.

రాశాను. "కార్డు నా బ్యాగులో ఉండిపోయింది, పాప తప్పు లేదు" అని. చదువుకుని "నన్ను కొట్టావని కూడా రాయి" అంది. అత్తయ్య నవ్వు ఆపుకోలేకపోయారు.

అది మాత్రం రాయలేదండీ. ఇంకా బేరం నడుస్తోంది.